గోగు తాడా, నైలాను తాడా: కారు నెత్తిన కయాక్‌తో కళింగపట్నం నుంచి తాటిపూడి దాకా

కారు మీద చిన్న పడవ కట్టుకుని తాటిపూడి జలాశయానికి వెళ్దామనుకునే వాళ్ళు ఈమధ్య నన్ను తరచు అడుగుతున్నారు, ఏ తాడు కొనాలని. నేను పడవల మనిషిని కాను, తాళ్ళ మనిషిని అంతకన్నా కాను. నాకు తెలిసిందంతా ఒక్క ప్రయాణంలో తెలిసింది. అది అరవైల చివర్లో, ఒక దసరా సెలవుల్లో జరిగింది. అప్పటికి తాటిపూడి ఆనకట్ట కొత్తది. విజయనగరం ఇంకా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. రోడ్లు మారిపోయాయి, టీ ధర మారిపోయింది. నేను చెప్పే వేళలు చూసుకుని బయల్దేరకండి గానీ, తాళ్ళ సంగతి మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

అసలు ఈ ప్రయాణం మా అక్క కోసం. అక్క పేరు సుశీల. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. శ్రీకాకుళంలో మిషన్ బడిలో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పేది. రిక్షాలోంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి ఎవరో ఒకరు ఎత్తి దించాల్సిందే. చేతులు మాత్రం ఇనుము. కళింగపట్నంలో సముద్రం ఒడ్డున మిషన్ బంగళా ఒకటుండేది. అందులో వేసవికి దిగే కెనడా దొరసాని దగ్గర ఒక కయాక్ ఉండేది. సన్నగా పొడుగ్గా, ఒక్క మనిషి పట్టే పడవ. లోపల పలచటి చెక్క బద్దలు పక్కటెముకల్లా వరసగా ఉంటాయి, పైన గట్టి కాన్వాసు గుడ్డ. మధ్యలో ఉన్న కంతలో కూర్చుని రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నడపాలి. వంశధార సముద్రంలో కలిసేచోట, మడుగులాంటి లోతులేని నీళ్ళలో దొరసాని అక్కని అందులో కూర్చోబెట్టి, చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. కాళ్ళకి పనే లేని బండి అది. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక అక్క అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకుంది. అది దుఃఖం కాదని, మళ్ళీ ఆ పడవ ఎక్కాలన్న కోరికని నాకు తర్వాత తెలిసింది.

దొరసాని స్వదేశం వెళ్ళిపోతూ కయాక్‌ని, నీళ్ళలో మునగకుండా తేల్చే బెండు జాకెట్టుని అక్కకి ఇచ్చేసింది. సముద్రంలోకి, ఏట్లోకి నాన్న పంపరు. నాన్న చర్చి పెద్ద, తక్కువ మాట్లాడే మనిషి. చాలా రోజులు బతిమాలితే చివరికి ఒప్పుకున్నారు. "నిలవ నీళ్ళయితేనే ఎళ్ళండి. పడవకి దారిలో ఏ చిన్న దెబ్బ తగిలినా నీళ్ళలో దించకుండా ఎనక్కి తెచ్చేయాల. ఇది ఈ ఒక్కసారికే" అన్నారు. అలాంటి పడవని మా వైపు వడ్రంగులెవరూ కంటితో చూసి ఉండరు. విరిగిందంటే బాగు చేసేవాడు లేడు, అక్కకి ఇంకో పడవ రాదు. అంచేత, కారు నెత్తి మీద దాన్ని ఎలా కడతామన్నదాని మీదే అక్క కోరిక అంతా వేలాడుతోంది.

కారు మా బావది. దేవదానం బావ మా మేనత్త కొడుకు, రణస్థలం దగ్గర వ్యవసాయం. ఎక్కడికక్కడ ఆగిపోయే పాత అంబాసిడర్ ఒకటి, ఎక్కడా ఆగని నోరు ఒకటి ఆయన ఆస్తి. తాడు కొనడానికి ముందురోజు నేనూ బావా శ్రీకాకుళం బజారుకి వెళ్ళాం. తాళ్ళ కొట్టు అంత ఆసక్తిగా ఉంటుందని నేననుకోలేదు. కొబ్బరిపీచు తాడు పట్టుకుంటే గరుగ్గా అరచేతిని గీకుతుంది. నూలు తాడు మెత్తన. గోగునార తాడు పసుపు పచ్చగా, పచ్చిగడ్డి వాసనతో నిగనిగలాడుతుంది. నైలాను అప్పుడప్పుడే వస్తోంది. షావుకారు దాన్ని గాజు బీరువాలో పెట్టాడు, బంగారం కొట్టులా.

"వలలోళ్ళు పట్టుకెళ్తన్నారు. కుళ్ళదు, సీకిపోదు. కానీ ముడి జారిపోద్ది, సూసుకోవాల" అన్నాడు షావుకారు.

"ముడి నిలవని తాడు తాడేటి? మా పొలంలో గోగుంది, మా పాకలో తాడుంది. ఊళ్ళో బళ్ళన్నీ దాంతోనే కడతన్నారు. డబ్బులిచ్చి కొనడానికి మనకేటి కర్మ?" అన్నాడు బావ.

నేను మాత్రం పట్టు వదల్లేదు. నాలుగు రకాల్లోనూ ఒక్కో ముక్క కోయించుకున్నాను, నైలాను మాత్రం కారుకి సరిపడా కొన్నాను. ఇంటికొచ్చి ముక్కలన్నీ ఒకే కొలతకి కత్తిరించి, అక్క మంచం పక్కన బాల్చీలో నానబెట్టాను. భోజనాలయ్యాక తీసి చూస్తే నైలాను కాస్త సాగింది. కొబ్బరిది ఉబ్బింది గానీ పెద్ద తేడా లేదు. నూలుదీ గోగుదీ పొట్టివైపోయాయి. గోగుదైతే బిర్రబిగిసి కర్రలా నిలబడింది. అక్క దాన్ని వంచబోయి వదిలేసింది.

బావ వచ్చి బాల్చీలోకి తొంగిచూసి ఇల్లెగిరిపోయేలా నవ్వాడు. "తాళ్ళకి తలంటు పోస్తన్నారేటే మీరిద్దరూ? ఆకాశం అద్దంలా ఉన్నాది. రేపు వానెక్కడ్నుంచి వస్తాది?"

మర్నాడు తెల్లవారుతూనే ముగ్గురం కళింగపట్నం చేరాం. శ్రీకాకుళం నుంచి గంట ప్రయాణం, ఇసక మేట వేసిన చోట్ల ఇంకాస్త. బంగళా కాపలా చూసే ఎర్రయ్య తాత ఒకప్పుడు సముద్రం మీద చేపల వేటకి వెళ్ళే మనిషి. ఎండు చేపల వాసన మధ్యలోంచి కయాక్‌ని బయటికి మోసుకొచ్చి, బిడ్డని దించినట్టు ఇసకలో దించాడు. గోగు తాడు చూసి మొహం చిట్లించి, కొబ్బరి తాడయితేనే కట్టమన్నాడు. ఉప్పునీళ్ళకి అదే ఆగుతుందట. మేం వెళ్ళేది రోడ్డు మీదని చెప్పినా ఆయన పట్టు ఆయనది. ఎవరి బతుకు ఏ తాడు మీద గడిచిందో వాళ్ళకి ఆ తాడే తాడని నాకు అప్పుడనిపించింది. బావకి గోగు కూడా అలాంటిదే.

కేరియర్ మీద గడ్డి చుట్టలు మెత్తగా పరిచి, కయాక్‌ని బోర్లా పెట్టారు. ఇక కట్టడం మొదలైంది. నేను కొన్న నైలాను డిక్కీలోనే ఉండిపోయింది, బావ తన పాకలోంచి తెచ్చిన గోగు తాడే తీశాడు. మా వైపు బండి మీద గడ్డిగానీ గోగు మోపులుగానీ ఎలా కడతారో మీకు తెలిసే ఉంటుంది. తాడు బిగించి ఊరుకోరు. తాడు కింద చిన్న కర్ర దూర్చి, దాన్ని మెలి మీద మెలి తిప్పి, మోపు మూలిగేదాకా బిగించి, కర్రని పక్క తాటికి కట్టేస్తారు. అలా కట్టిన బండి గతుకుల్లో బోల్తా పడుతుందేమో గానీ మోపు మాత్రం జారదు. బావకి తెలిసిన కట్టు అదొక్కటే. ముందొక కర్ర, వెనకొక కర్ర వేసి, బానెట్టు మీద కాలు తన్నిపెట్టి మెలి తిప్పాడు.

"బావా, అది గడ్డిమోపు కాదు. కొంచెం ఒదులుగా కట్టు" అంది అక్క కారులోంచి.

"ఒదులైతే గాలికి ఎగిరిపోద్ది సుశీలా. మీ నాన్నకి మాటిచ్చినోణ్ణి నేను." ఇంకొక మెలి వేశాడు. ప్రేమతోనే వేశాడు, అదే చిక్కు.

శ్రీకాకుళం దాటి, చిలకపాలెం మీదుగా రణస్థలం దారి పట్టాం. కారు వేగం అందుకోగానే నెత్తిమీద తాళ్ళు పాడడం మొదలుపెట్టాయి. గుయ్‌మని ఒకటే శ్రుతి. తాడు గాలికి ఎందుకు మోగుతుందో, వేగం తగ్గిస్తే ఎందుకు ఆగుతుందో బావని అడిగాను. "నీ నోరు కూడా అలగే ఆగితే బాగుణ్ణు" అన్నాడు. రణస్థలంలో టీకి ఆగితే జనం మూగారు. చుట్ట కాలుస్తున్న ఒక పెద్దాయన కాన్వాసు మీద చెయ్యేసి నిమిరి, "ఏటి బాబూ, సేపా? ఎక్కడ పడ్డాది?" అని అడిగాడు. చేప కాదు, పడవ అని చెప్తే ఆయన నమ్మలేదు. టీ పదిహేను పైసలు, పైన ఈ పరీక్షలు ఉచితం.

విజయనగరం ఇంకా కొంత దూరం ఉందనగా పడమట కొండల మీద నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. బావ ఆకాశాన్నీ నన్నూ ఒకసారి చూశాడు. చినుకులు కాదు, ఒకేసారి కుండపోత. కారు మెల్లగా పోనిచ్చాడు. వాన కొంచెం తగ్గి, కారు మళ్ళీ వేగం అందుకున్నాక, వెనక సీట్లో ఉన్న అక్క ముందుకి వంగింది. అక్క చర్చి పాటల్లో మొదటి గొంతు, చెవి చాలా చురుకు.

"బావా, తాడు శ్రుతి పెరిగింది. పొద్దున్న ఇలగ నేదు. కారాపు."

"వాన సప్పుడే అది. విజయనగరంలో ఆపుతాను."

నేను చెవి రిక్కించాను. నిజమే, పొద్దుటి గుయ్ కాదది. సన్నగా, పైకి, కీచుమంటూ ఉంది. బాల్చీలోని గోగు ముక్క నా కళ్ళ ముందు మెదిలింది. నేను నోరు తెరిచేలోపే నెత్తిమీద టక్కుమని చప్పుడయింది. ఎండు కొమ్మ విరిగినట్టు.

"ఆపుతావా, తలుపు తీసుకుని దూకీమంటావా?" అంది అక్క. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

రోడ్డు పక్క టీ హోటలు ముందు సాలూరు లారీలు రెండు నిలిపి ఉన్నాయి. వాటి పక్కన కారు ఆపాడు. దిగి చూస్తే తాళ్ళు కాన్వాసులోకి దిగబడిపోయాయి. వానకి బిగిసిన గోగు, దానిమీద కర్ర మెలి. ముడి విప్పుదామంటే గోరు కూడా దూరదు. కర్ర కదిపితే గిర్రున తిరిగి మొహం పగలగొడుతుంది. టీ తాగుతున్న లారీ డ్రైవరు ఒకాయన చుట్టూ తిరిగి చూసి, నడుంలోంచి కత్తి తీశాడు.

"కొయ్యొద్దన్నా, ఇప్పుతాను" అన్నాడు బావ. తాడు మీద మమకారం కాదు. కోస్తే తను కట్టింది తప్పని తేలిపోతుంది.

"కోసెయ్ అన్నా" అంది అక్క కిటికీలోంచి. తాడు తెగుతూ టపాకాయలా పేలింది. కయాక్ ఒక్కసారిగా ఊపిరి తీసుకున్నట్టు పైకి లేచింది.

పడవని దించి తిప్పి, కంతలోంచి చెయ్యి పెట్టి తడిమాను. ముందువైపు ఒక బద్ద నిలువునా చీలింది. కాన్వాసు చిరగలేదు. బావా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. నాన్న మాట ఇద్దరికీ గుర్తుంది. చిన్న దెబ్బ తగిలినా వెనక్కి. ఇది చిన్న దెబ్బా, పెద్ద దెబ్బా అన్న ప్రశ్నే లేదు. బావ నీళ్ళు కారుతున్న మొహం తుడుచుకుంటూ, "పాపం నాదే. ఎనక్కి ఎళ్ళిపోదాం" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అక్క మొహం చూసే ధైర్యం లేక టైరు వైపు చూస్తూ నిలబడ్డాను.

"నన్ను బానెట్టు మీద కూకోబెట్టండి. పడవ నా ఒళ్ళోకి ఇవ్వండి" అంది అక్క.

బావ ఎత్తి కూర్చోబెట్టాడు. అక్క చెయ్యి భుజం దాకా లోపలికి పోనిచ్చి, కళ్ళు మూసుకుని, చీలిక పొడవునా వేళ్ళతో చాలాసేపు చూసింది. తర్వాత డిక్కీలో మిగిలిన పొడి గోగు తాడు తెమ్మంది. దాన్ని విప్పి ఒక పేట తీసింది. బావ మెలి వేసిన కర్రలోంచే సన్నటి బద్ద ఒకటి చీల్పించుకుంది. చీలిన చెక్కకి దాన్ని ఆనించి, గోగు పేటతో వరసగా, దగ్గరదగ్గరగా చుట్టింది, చొక్కాకి కాజా కుట్టినట్టు. అప్పుడు లారీ డ్రైవరు చేతిలోని గ్లాసు అడిగి, అందులో నీళ్ళు పట్టించి చుట్టు మీద మెల్లగా పోసింది.

"ఇప్పుడు బిగుసుకోనీ" అంది.

టీ హోటల్లో వేడి ఉప్మా తిని వచ్చేసరికి ఆ చుట్టు బిర్రుగా పట్టేసింది. నేను బద్దని వేలితో తట్టి చూశాను. పక్కనున్న మంచి బద్దలాగే పలికింది. పడవని విరగ్గొట్టిన గుణమే పడవని కట్టి నిలబెట్టింది కదా అని నేను సంబరపడిపోతుంటే, అక్క నవ్వలేదు. "నాన్న దగ్గర ఏదీ దాయొద్దు. ఇరిగిందనీ, కట్టుకుని ఎళ్ళామనీ నేనే సెప్తాను. కారు ఎక్కండి" అంది.

ఈసారి నైలాను. లారీ డ్రైవరు సరదా పడి తాడు అందుకున్నాడు. సాలూరు లారీ కట్టంటే కాలు తన్నిపెట్టి లాగేదే గదా. అక్క బానెట్టు మీద నుంచే ఆపింది. "అన్నా, మెల్లగా. తాడు కింద నా రెండు వేళ్ళు దూరాల. ముందు ముక్కుకో తాడు, ఎనక తోకకో తాడు ఏరేగా కట్టు. అప్పుడు నడుం మీద అంత బిగి అక్కర్నేదు." ఆయన ఒకసారి తల గోక్కుని, ఆవిడ చెప్పినట్టే కట్టాడు. నైలాను ముడి జారుతుందని షావుకారు అన్నమాట చెప్తే, ముడి మీద ఇంకో రెండు చుట్లు వేసి చూపించాడు. అన్నిటికంటే చివరి ముడి మాత్రం అక్కే వేసింది.

విజయనగరం దాటి శృంగవరపుకోట దారిలో కొంత వెళ్ళి, కొండల వైపు మట్టి రోడ్డు పట్టాం. నైలాను సాగుతుంది కాబట్టి రెండు చోట్ల ఆగి బిగించుకున్నాం. తాటిపూడి చేరేసరికి మధ్యాహ్నం మూడు కావచ్చింది. వాన వెలిసి, కొండలు కడిగినట్టున్నాయి. నీళ్ళు కదలడం లేదు. అన్ని నీళ్ళు అంత నిశ్శబ్దంగా ఉండడం మేమెవరమూ చూడలేదు.

బెండు జాకెట్టు తొడిగి, బావ అక్కని ఎత్తుకుని మోకాలి లోతు నీళ్ళలో దిగి కయాక్‌లో కూర్చోబెట్టాడు. కాసేపు పట్టుకుని చూశాం. కట్టిన బద్ద దగ్గర చుక్క నీరు రాలేదు. అప్పుడు బావ నైలాను తాడు కొస పడవ తోకకి కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకున్నాడు. అక్క తెడ్డు వేసింది. ఒకటి అటు, ఒకటి ఇటు. పడవ కత్తిలా సాగింది. సాగి సాగి, తాడు అయిపోయినచోట ఎవరో జడ పట్టి లాగినట్టు ఆగిపోయింది.

"ఒగ్గీ బావా" అంది, వెనక్కి తిరక్కుండా.

బావ వదల్లేదు. ఆయన కళ్ళనిండా నీళ్ళు. "పొద్దున్నే ఒకటి ఇరగ్గొట్టాను. ఇప్పుడు ఏటైనా అయితే మావకి నేనేటి సెప్పాల?"

"నువ్వేటీ సెప్పక్కర్నేదు. నేనొచ్చి సెప్తాను."

బావ నావైపు చూశాడు. నేను ఏమన్నా అంటే వినేవాడే. నాకూ భయంగానే ఉంది. అయినా వదిలేయమని తల ఊపాను. ఆయన చేతికి చుట్టుకున్న తాడు ఒక్కొక్క చుట్టూ విప్పి నీళ్ళలోకి వదిలేశాడు. అది పడవ వెనకే తేలుతూ వెళ్ళిపోయింది.

అక్క దూరంగా, ఇంకా దూరంగా వెళ్ళింది. కాసేపటికి తెడ్డు రెక్కల మెరుపు తప్ప ఇంకేం కనిపించలేదు. బావ ఒడ్డున అటూ ఇటూ తిరుగుతూ, నన్ను తిడుతూ, తనని తాను తిట్టుకుంటూ ఉన్నాడు. నేను బండ మీద కూర్చున్నాను. మేం బడికెళ్ళినా, బజారుకెళ్ళినా, పెళ్ళిళ్ళకెళ్ళినా గుమ్మంలో కుర్చీ వేసుకుని మాకోసం చూసేది అక్క. ఎప్పుడొస్తారో చెప్పి వెళ్ళండే అని అడిగేది, మేం చెప్పేవాళ్ళం కాదు. ఎదురుచూడడం ఇంత కష్టంగా ఉంటుందని నాకు ఆ సాయంత్రం దాకా తెలీదు.

ఎండ చల్లబడ్డాక వచ్చింది. ఒళ్ళంతా తడి, అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఒడ్డుకి తాకగానే, "అన్నం ఏటైనా మిగిలిందేటే?" అంది.

ఇంటికెళ్ళాక మాటిచ్చినట్టే ఏదీ దాచకుండా నాన్నకి చెప్పింది. నాన్న లాంతరు తెప్పించుకుని, పడవలోకి చెయ్యి పెట్టి ఆ గోగు చుట్టుని తడిమారు. ఈ ఒక్కసారికే అన్నమాట మళ్ళీ ఎత్తలేదు. తర్వాత ఎన్ని సెలవులు తాటిపూడిలో గడిచాయో లెక్కలేదు. బావ ప్రతిసారీ వచ్చాడు, మెలి కర్ర మాత్రం తేలేదు. ఆలోచిస్తే, ఆ రోజు మాలో ఎవరూ అక్కకి చెడు తలపెట్టలేదు. విరిగిందల్లా ఎక్కడ జారిపోతుందోనన్న భయంతో బిగించిన బిగికే విరిగింది. మనుషుల విషయంలోనూ చాలాసార్లు ఇదే చూశాను. పేర్లు చెప్పను.

ఇక మీరడిగినదానికి జవాబు. నైలాను కొనండి, సాగుతుంది కాబట్టి దారిలో ఆగి బిగించుకోండి. గోగుతో కడితే వానలో ఒక్క మైలు కూడా పోవద్దు. ఏ తాడైనా సరే, పడవలో కూర్చోబోయే మనిషి కారులోనే ఉంటారు. వాళ్ళు ఆపమంటే వెంటనే ఆపండి, వదలమంటే వదిలేయండి.